చెరిపేయకూడని చెత్త ఫోల్డరు

డిచ్‌పల్లికీ ఆర్మూర్‌కూ నడుమ ఉన్న జక్రాన్‌పల్లిలో ఒక పసుపు అడ్తిదారు ఉన్నాడనుకుందాం. ఇంట్లో ల్యాప్‌టాప్, నిజామాబాద్ గంజులో దుకాణం, ఆ దుకాణంలో ఒక డెస్క్‌టాప్. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డు నిండా కొమ్ము, మండ రాశులు పోసి ఉండే రోజుల్లో తక్‌పట్టీలు, రైతుల ఖాతాలు, కాంటా చీటీల ఫొటోలు, పాస్‌పుస్తకాల స్కాన్లు రెండు చోట్లా కావాలి. పెన్‌డ్రైవ్ మోసీ మోసీ విసిగి ఒక సింక్ సాఫ్ట్‌వేర్ పెట్టించుకున్నాడు. ఇక్కడ మార్చింది అక్కడ మారుతుంది, అక్కడ తీసేసింది ఇక్కడా పోతుంది. ఏ గొడవా లేదు.

ఒకరోజు డిస్కు నిండిపోయిందని కంప్యూటర్ మొరపెట్టుకుంటుంది. దాచిన ఫైళ్లు కూడా చూపించమని టిక్ పెడితే, ఎప్పుడూ చూడని పేర్లు బయటపడతాయి. ముందొక చుక్క, మధ్యలో అర్థంకాని అక్షరాలు, చివర ‘టీఎంపీ’. వాటితోపాటు సింక్ సాఫ్ట్‌వేర్ తన పని కోసం పెట్టుకున్న ఒక దాచిన ‘వర్కింగ్ ఫోల్డరు’. ‘ఇవేవో చెత్త, మనం పెట్టినవి కావు’ అని పట్టి డిలీట్ కొట్టేస్తాడు. మర్నాడు చూస్తే, పోయిన సీజన్‌లో తీసి పారేసిన ఫైళ్లు వందలకొద్దీ మళ్లీ వచ్చి కూర్చుంటాయి. లెక్క తేలిపోయిన ఖాతాలు, రద్దయిన పట్టీలు, ఒకే ఫొటోకు రెండేసి కాపీలు.

ఈ అడ్తిదారు నేను కల్పించిన మనిషే. అయితే ఇలాంటి గుంటలో పడ్డవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. ఆ ‘చెత్త’ ఫోల్డరులో ఏముంటుందో, అది అక్కడే ఎందుకుండాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ.

అన్నిటికన్నా ముందు ఒక చిక్కుప్రశ్న. ల్యాప్‌టాప్‌లో ‘పసుపు మార్చి’ అనే ఫైలుంది, డెస్క్‌టాప్‌లో లేదు. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలి? ల్యాప్‌టాప్‌లో కొత్తగా పుట్టిన ఫైలైతే డెస్క్‌టాప్‌కు పంపాలి. ఇంతకుముందు రెండు చోట్లా ఉండి, డెస్క్‌టాప్‌లో ఎవరో తీసేస్తే, ల్యాప్‌టాప్‌లోనూ తీసేయాలి. రెండు సందర్భాల్లోనూ కంటికి కనిపించేది ఒకటే: ఇక్కడ ఉంది, అక్కడ లేదు. చేయాల్సిన పనులు మాత్రం పూర్తిగా తలకిందులు. రెండు ఫోల్డర్లను ఎంత సేపు పక్కపక్కన పెట్టి చూసినా జవాబు రాదు. ఫైలు తేదీ కూడా సాయపడదు. లేని ఫైలుకు తేదీ ఏముంటుంది?

ఇద్దరు వర్తకులు లెక్క చూసుకునేటప్పుడు ఎవరి చిట్టా వాళ్లు చదివితే తగవు తేలదు. పోయినసారి ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెట్టిన నిల్వ ఎక్కడుందో అక్కడి నుంచి మొదలుపెడతారు. సింక్ సాఫ్ట్‌వేర్‌కూ అలాంటి మూడో కాగితం కావాలి. కిందటిసారి రెండు వైపులా సరిపోయినప్పుడు ఏ ఫైళ్లున్నాయి, ఎంత సైజు, ఏ తేదీ, లోపలి సరుకుకు ఏ గుర్తు సంఖ్య అన్నది రాసి పెట్టుకోవాలి. ఆ పట్టికలో ‘పసుపు మార్చి’ ఉంటే, డెస్క్‌టాప్‌లో ఎవరో తీసేసినట్టు. లేకుంటే ల్యాప్‌టాప్‌లో కొత్తగా వచ్చినట్టు. కథంతా ఇంతే. ఆ పట్టిక చెరిగిందా, సాఫ్ట్‌వేర్‌కు గతం లేదు. గతం లేనివాడికి ప్రతి ఫైలూ కొత్తదే. అందుకే మన అడ్తిదారు పారేసినవన్నీ కొత్త ఫైళ్ల వేషంలో తిరిగొచ్చాయి.

ఈ సంగతిని పద్ధతిగా, గణితం మాదిరిగా రాసి పెట్టినవాళ్లు ఎస్. బాలసుబ్రమణ్యం, బెంజమిన్ పియర్స్. ‘ఫైల్ సింక్రనైజర్ అంటే ఏమిటి’ అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి 1998లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అప్పటికే బజారులో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా ప్రవర్తించేది. ఏది సరైన ప్రవర్తనో చెప్పే కొలమానమే లేదు. ఆ ఆలోచనల నుంచే పియర్స్ బృందం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ‘యూనిసన్’ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. ఇప్పటికీ జనం వాడుతున్నారు. ఆ మూడో కాగితాన్ని యూనిసన్ ‘ఆర్కైవ్’ అంటుంది. రెండు కంప్యూటర్లలోనూ చెరొక ప్రతి ఉంచుతుంది. ఒక ప్రతి పోయి రెండోది మిగిలితే అది ఊహల జోలికి పోదు. పరిస్థితి పొసగడం లేదు, మిగిలిన ప్రతిని కూడా తీసేసి మొదటి నుంచి మొదలుపెట్టమని హెచ్చరించి ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ మొండికేస్తే చిరాకేస్తుంది కానీ, ఇక్కడ ఆ మొండితనమే న్యాయం.

ఆ పత్రానికి రెండేళ్ల ముందే, 1996లో, కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ నుంచి ఆండ్రూ ట్రిజెల్, పాల్ మెకరస్ ‘ఆర్‌సింక్’ను విడుదల చేశారు. ప్రపంచంలో ఎన్నో సర్వర్లు దీన్ని వాడుకుంటున్నాయి. అయితే ఆర్‌సింక్‌కు జ్ఞాపకం లేదు, దానికి అక్కర్లేదు. ఎందుకంటే అది ఒకవైపు రోడ్డు. ఇటు ఉన్నది అటు పంపడమే దాని పని. తీసేయమని ప్రత్యేకంగా చెబితే, ఇటు లేనివి అటు తీసేస్తుంది. ఏది అసలు, ఏది నకలు అన్న అనుమానం దానికి రాదు. రెండు వైపులా మనుషులు కూర్చుని రాస్తున్నప్పుడే జ్ఞాపకం అవసరం పడుతుంది.

విండోస్ 95 రోజుల్లో కంప్యూటర్ వాడినవాళ్లకు డెస్క్‌టాప్ మీద తోలుపెట్టె బొమ్మతో ఉండే ‘మై బ్రీఫ్‌కేస్’ గుర్తుండే ఉంటుంది. దాన్ని ఫ్లాపీలో వేసుకుని ఇంటికి పోయి, పని చేసుకుని, ఆఫీసుకు తెచ్చి ‘అప్‌డేట్’ నొక్కాలి. ఆ పెట్టెలో ‘బ్రీఫ్‌కేస్ డేటాబేస్’ అన్న పేరుతో ఒక దాచిన ఫైలుండేది. ఇప్పటి వర్కింగ్ ఫోల్డర్లకు అది ముత్తాత. నాకు తెలిసి ఆ పెట్టెను ఇష్టంగా వాడినవాళ్లు అరుదు. విండోస్ 10 కాలంలో మైక్రోసాఫ్ట్ దాన్ని పూర్తిగా ఎత్తేసింది.

ఈ పట్టికను ఎక్కడ దాచాలన్నదాని మీద సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో రెండు దారులున్నాయి. గుడ్‌సింక్ మీ ఫోల్డరులోనే ‘జీఎస్‌డేటా’ అని అటూ ఇటూ అండర్‌స్కోర్ గీతలతో ఒక ఫోల్డరు పెడుతుంది. ఫ్రీఫైల్‌సింక్ రెండు వైపులా ‘సింక్ డాట్ ఎఫ్ఎఫ్ఎస్ డీబీ’ అనే ఒక్క దాచిన ఫైలు పెట్టి ఊరుకుంటుంది. యూనిసన్, సింక్‌థింగ్ మాత్రం అసలు పట్టికను మీ ఫోల్డరు బయట, కంప్యూటర్‌లో తమ సొంత జాగాలో దాచుకుంటాయి.

పట్టిక ఫోల్డరులోనే ఉంటే ఒక లాభముంది. పెన్‌డ్రైవ్‌నో, బయటి హార్డ్‌డిస్కునో తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించినా దాని గతం దాని వెంటే వస్తుంది. బయట ఉంటే మీ ఫోల్డరు శుభ్రంగా కనిపిస్తుంది, పొరపాటున ఎవరూ చెరపరు. కానీ బయట ఉన్నదానికో ప్రమాదముంది, దీని గురించి ఎక్కువమందికి తెలియదు. డెస్క్‌టాప్‌లో ఫైళ్లు పాడయ్యాయని అన్నీ తీసేసి, నెల కిందటి బ్యాకప్ తెచ్చి అదే ఫోల్డరులో పోశారనుకోండి. ఫైళ్లు నెల పాతవి, పట్టిక మాత్రం నిన్నటిది. పట్టికలో ఉండి ఫోల్డరులో లేనివన్నీ ‘ఇక్కడ తీసేశారు’ అని సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉన్న ఈ నెల పట్టీలన్నిటినీ విధేయంగా చెరిపేస్తుంది. పట్టిక లేకపోతే పోయినవి తిరిగొస్తాయి. పట్టికకూ ఫైళ్లకూ పొంతన కుదరకపోతే ఉన్నవి పోతాయి. రెండో నష్టమే పెద్దది.

చుక్కతో మొదలయ్యే పేర్లు ఎందుకు దాక్కుంటాయో కూడా చెప్పుకోవాలి. ఇదొక యాదృచ్ఛికం. యూనిక్స్ తొలిరోజుల్లో ప్రతి ఫోల్డరులోనూ ఒక చుక్క, రెండు చుక్కలు పేర్లుగా ఉండే రెండు నమోదులు జాబితాలో అడ్డొస్తున్నాయని, చుక్కతో మొదలయ్యేవన్నీ వదిలేసేట్టు ఎవరో అడ్డదారిలో రాశారు. అప్పటి నుంచి చుక్క పెట్టిన ప్రతి పేరూ మాయమైంది. దాచడం కోసం ఎవరూ కనిపెట్టిన పద్ధతి కాదిది. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ ఈ కథను తర్వాత రాశారు. విండోస్‌లో చుక్కకు ఆ మహిమ లేదు, అక్కడ ‘హిడెన్’ అన్న గుర్తు వేరే పెట్టాలి. అందుకే లినక్స్‌లో దాగి ఉన్నది విండోస్ పెన్‌డ్రైవ్‌లో బట్టబయలవుతుంది.

పట్టిక సంగతి అలా ఉంచి, ఆ టీఎంపీ ఫైళ్ల దగ్గరకు వద్దాం. ఏప్రిల్ గాలివాన. గంజు నుంచి జక్రాన్‌పల్లికి 40 ఎంబీ ఎక్సెల్ ఫైలు వస్తోంది, సగంలో కరెంటు పోయింది. వచ్చే ఫైలును నేరుగా పాత ఫైలు మీదే రాస్తూ ఉండి ఉంటే, మీ దగ్గర ఇప్పుడు పాతదీ లేదు, కొత్తదీ లేదు. ముందు సగం ఇవాళ్టిది, వెనక సగం నిన్నటిది. ఎక్సెల్ దాన్ని తెరవను పొమ్మంటుంది.

అందుకే మంచి సాఫ్ట్‌వేర్ ఏదీ పాత ఫైలును ముట్టుకోదు. పక్కన ఒక తాత్కాలిక పేరుతో కొత్తదాన్ని పూర్తిగా రాస్తుంది. ఆర్‌సింక్ అసలు పేరుకు ముందు చుక్క, చివర మరో చుక్కా ఆరు అడ్డదిడ్డం అక్షరాలూ తగిలిస్తుంది. సింక్‌థింగ్ లినక్స్‌లో ‘డాట్ సింక్‌థింగ్’తో మొదలెట్టి ‘డాట్ టీఎంపీ’తో ముగిస్తుంది. చివరి బైటు దాకా వచ్చిందని, లోపలి సరుకు సరిగ్గా ఉందని తేలాకే తాత్కాలిక పేరు తీసి అసలు పేరు పెడుతుంది. ఈ పేరు మార్పు కంప్యూటర్‌కు ఒక్క అడుగు పని. లినక్స్ లాంటి వ్యవస్థల్లో ఇది జరిగితే పూర్తిగా జరుగుతుంది, లేదంటే అసలు జరగదు. మధ్యస్థితి ఏదీ చూసేవాడికి కనిపించదు. ఆ ఫైలును తెరిచేవాడికి నిన్నటిదైనా దొరుకుతుంది, ఇవాళ్టిదైనా దొరుకుతుంది. సగం సగం దొరకదు.

ఇక్కడే చాలామంది అడిగే ప్రశ్నకు జవాబుంది. కంప్యూటర్‌లో తాత్కాలిక ఫైళ్లకని టెంప్ ఫోల్డరు వేరే ఉంది కదా, దాంట్లో రాసుకోక నా తక్‌పట్టీల మధ్య ఈ చెత్త పోయడమెందుకు? ఎందుకంటే ఆ ఒక్క అడుగు పేరు మార్పు ఒకే డిస్కు విభాగంలోనే సాధ్యం. ఫైలు ‘సి’ డ్రైవ్‌లో రాసి, అసలు చోటు ‘డి’ డ్రైవ్‌లో ఉంటే, పేరు మార్చడమంటే మొత్తం ఫైలును మళ్లీ కాపీ చేయడమే. ఆ కాపీ మధ్యలో కరెంటు పోతే మళ్లీ అదే సగం ఫైలు. ఇంత జాగ్రత్తా బూడిదలో పోసిన పన్నీరే. కాబట్టి తాత్కాలిక ఫైళ్లుండే వర్కింగ్ ఫోల్డరు మీ ఫోల్డరు లోపల, లేదా దాన్ని ఆనుకుని ఉండాల్సిందే. ఆర్‌సింక్‌లో తాత్కాలిక ఫోల్డరును వేరే చోట పెట్టుకునే వెసులుబాటుంది. ఎక్కువగా డిస్కులో చోటు చాలనివాళ్లు వాడేది అది. వేరే డిస్కు విభాగంలో పెడితే ఈ రక్షణ పోతుందని దాని చేతిపుస్తకమే చెబుతుంది.

తాత్కాలిక ఫైలుకు ఇంకో ఉపయోగమూ ఉంది. కరెంటొచ్చాక మళ్లీ మొదటి నుంచి 40 ఎంబీ లాగనక్కర్లేదు. సింక్‌థింగ్ ఫైలును ముక్కలుగా చూస్తుంది. చిన్న ఫైళ్లకు ముక్క 128 కిలోబైట్లు, పెద్ద ఫైళ్లకు 16 మెగాబైట్ల దాకా పెరుగుతుంది. టీఎంపీలో అప్పటికే వచ్చి చేరిన ముక్కలను పోల్చి చూసి, లేనివి మాత్రమే అడుగుతుంది. ఆగిపోయిన టీఎంపీలను మామూలుగా 24 గంటలు ఉంచుకుంటుంది. మొబైల్ హాట్‌స్పాట్ మీద, రోజుకు ఇన్ని జీబీలని లెక్కపెట్టుకుని బతికే మనబోటివాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆ టీఎంపీని మీరు చెరిపేస్తే ప్రమాదమేమీ లేదు, డేటా ఖర్చు మాత్రం మళ్లీ పడుతుంది. అంటే వర్కింగ్ ఫోల్డర్లలోని సరుకంతా ఒక్క తీరుది కాదు. కొన్ని పోతే డబ్బులు పోతాయి, కొన్ని పోతే గతం పోతుంది.

మూడో రకం ఉంది, చూడ్డానికి అన్నిటికన్నా అల్పమైనది, నాకు అన్నిటికన్నా నచ్చినది. సింక్‌థింగ్ ప్రతి ఫోల్డరులోనూ ‘డాట్ ఎస్‌టీఫోల్డర్’ అని ఒకటి పెడుతుంది. దాంట్లో చెప్పుకోదగ్గదేమీ ఉండదు. చూసినవాడెవడైనా చెరిపేయాలనుకుంటాడు. దాని పని అక్కడ ఉండటమే. మన అడ్తిదారు ఖాతాలన్నీ బయటి హార్డ్‌డిస్కులో పెట్టుకున్నాడనుకోండి. ఎవరో ఊడ్చేటప్పుడు కాలు తగిలి వైరు ఊడింది. లినక్స్‌లో డిస్కు ఊడినా దాని పేరుతో ఉన్న ఖాళీ ఫోల్డరు మిగిలి ఉండొచ్చు. సింక్ సాఫ్ట్‌వేర్ వచ్చి చూస్తుంది: నిన్న 6,000 ఫైళ్లున్నాయి, ఇవాళ ఒక్కటీ లేదు. అంటే అన్నీ తీసేశారు! అవతలి కంప్యూటర్‌కూ ఆ కబురు పంపితే అక్కడా అన్నీ గల్లంతు. ఈ ఘోరం జరగకుండా సాఫ్ట్‌వేర్ ముందు ఆ గుర్తు ఫోల్డరు ఉందా అని చూస్తుంది. అది కూడా లేకుంటే ‘ఫైళ్లు పోలేదు, చోటే పోయింది’ అని గ్రహించి, ఎర్ర అక్షరాలతో తప్పు చూపించి ఆగిపోతుంది. ఖాళీ ఫోల్డరు ఒకటి 6,000 ఫైళ్లకు కాపలా.

ఆ గుర్తు ఫోల్డరును చెరిపినవాళ్లు తర్వాత వచ్చే ఎర్ర అక్షరాలను చూసి, సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని తీసేసి మళ్లీ పెట్టుకుంటారు. దాంతో ఈసారి పట్టిక కూడా పోవచ్చు.

డిస్కు నింపేది ఇవేవీ కావు. నింపేది పాత ప్రతుల గది. అవతల తీసేసిన ఫైలును ఇవతల నేరుగా చెరపకుండా కొన్నాళ్లు పక్కన పెట్టే ఏర్పాటు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. రెసిలియోలో ‘డాట్ సింక్’ లోపల ‘ఆర్కైవ్’ ఉంటుంది, మామూలుగా 30 రోజులు దాస్తుంది. గుడ్‌సింక్ తన ఫోల్డరు లోపల ‘సేవ్డ్’ అని పెట్టుకుంటుంది. సింక్‌థింగ్‌లో ‘డాట్ ఎస్‌టీవర్షన్స్’, మీరు కోరితేనే. డ్రాప్‌బాక్స్ తన క్యాష్ ఫోల్డరును మూడేసి రోజులకు ఊడ్చుకుంటుంది. మన అడ్తిదారు ఫొటోలు మార్చి మార్చి పెడుతుంటే ఈ గది జీబీలకు జీబీలు పెరుగుతుంది. చోటు కావాలంటే ఖాళీ చేయాల్సింది ఇదొక్కటే. అదీ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లోకి పోయి రోజుల లెక్క తగ్గించి చేయాలి, ఫోల్డరును పట్టి లాగి పారేయడం ద్వారా కాదు. దీన్ని బ్యాకప్ అని నమ్మి నిద్రపోవద్దు కూడా. డిస్కు కాలిపోతే ఆ గదీ దాంతోపాటే కాలిపోతుంది.

ఇద్దరూ ఒకే ఫైలును మారిస్తే? ఇంట్లో తమ్ముడు మధ్యాహ్నం ఒక రైతు ఖాతాలో అడ్వాన్సు రాశాడు, అదే వేళకు గంజులో అన్న అదే ఫైలులో హమాలీ ఖర్చు రాశాడు. పట్టిక చూస్తే రెండు వైపులా మారిందని తెలుస్తుంది, అంతే. హమాలీ ఏమిటో, అడ్వాన్సేమిటో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. సింక్‌థింగ్ అయితే ఒక ప్రతిని అసలు పేరుతో ఉంచి, రెండోదాన్ని ‘సింక్ కాన్‌ఫ్లిక్ట్’ అని తేదీ, సమయం తగిలించి పక్కన పెడుతుంది. కలపాల్సింది మనుషులే. ఈ ఫైళ్లనూ చెత్త అనుకుని చెరిపేస్తుంటారు. చెరిగిపోయేది తమ్ముడు రాసిన అడ్వాన్సు.

ట్యాలీ లాంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఇక్కడే ఒక మాట. దాని డేటా ఫోల్డరులో ఒకదానితో ఒకటి ముడిపడ్డ ఫైళ్లు చాలా ఉంటాయి. ట్యాలీ తెరిచి ఉండగా ఆ ఫోల్డరును సింక్ చేస్తే ఒక ఫైలు కొత్తది, దాని జత పాతది చేరవచ్చు. పేరు మార్పు చిట్కా ఒక్కో ఫైలును కాపాడుతుంది, ఫైళ్ల గుంపును కాదు. మూసేశాక సింక్ చేయండి. ఇంకా మంచిది, అది తీసిచ్చే బ్యాకప్ ఫైలును సింక్ చేయండి.

ఇక మన లిపి దగ్గరకొస్తాను.

కంప్యూటర్‌కు ‘జక్రాన్‌పల్లి’ అన్న పేరులో 13 సంకేతాలుంటాయి. కంటికి కనిపించేవి 12. పదమూడోది న-పొల్లుకూ ‘ప’కూ నడుమ ఉన్న వెడల్పు లేని విడదీత గుర్తు. అది లేకుంటే ‘ప’ వత్తుగా మారి న కిందికి దిగుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో సంకేతానికి 3 బైట్లు, కాబట్టి ఆ పేరు 39 బైట్లు. విడదీత లేకుండా రాస్తే 36. ఇక్కడైతే తేడా కంటికి తెలుస్తుంది. పదం చివర పొల్లు వచ్చినప్పుడే అసలు మోసం. ‘ఆర్మూర్’ తర్వాత విడదీత గుర్తు పెట్టినా, పెట్టకపోయినా చూపు ఒక్కటే. పెడితే 24 బైట్లు, లేకుంటే 21 బైట్లు. కొన్ని కీబోర్డులు ఆ గుర్తును తమంతట తామే పెడతాయి, కొన్ని పెట్టవు. ఫోనులో తమ్ముడు చేసిన ‘ఆర్మూర్’ ఫోల్డరూ, దుకాణంలో అన్న చేసిన ‘ఆర్మూర్’ ఫోల్డరూ సాఫ్ట్‌వేర్‌కు రెండు వేరువేరు ఊళ్లు. రెండు చోట్లా రెండేసి కనిపిస్తాయి. తలగోక్కుంటూ ఒకటి తీసేస్తారు, అందులో సగం ఫైళ్లుంటాయి.

‘రైతు’ కథ ఇంకా విచిత్రం. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయొచ్చు. ఒకే సంకేతంగా, లేదా ఎత్వమూ దాని కింద వచ్చే ఐత్వపు గుర్తూ విడివిడిగా. రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది. తెలుగులో ఇలా అధికారికంగా విడిపోయే సంకేతం ఇదొక్కటే. యాపిల్ 1998లో తెచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థ పేర్లన్నిటినీ విడదీసిన రూపంలో దాస్తుంది. విండోస్, లినక్స్ మనం ఎలా ఇస్తే అలా దాస్తాయి. అంటే పాత మ్యాక్‌లో ‘రైతు’ 15 బైట్లు, విండోస్ నుంచి లినక్స్ సర్వర్‌కు పోయిన ‘రైతు’ 12 బైట్లు. పసుపు, మిర్చి, ధర, కాంటా ఫోల్డర్లు చక్కగా కలుస్తాయి, రైతు ఫోల్డరు మాత్రం రెండవుతుంది! 2017లో మ్యాక్‌లకు ఏపీఎఫ్ఎస్ వచ్చాక ఈ బాధ తగ్గింది. సింక్‌థింగ్ లాంటివి రెండు రూపాలనూ ఒకటిగా దిద్దుకునే ఏర్పాటు పెట్టుకున్నాయి. కానీ ఆ దిద్దుబాటు ఐత్వానికే పనికొస్తుంది. వెడల్పు లేని విడదీత గుర్తును యూనికోడ్ దిద్దుబాటు తీసేయదు. ఆర్మూర్‌లు రెండు రెండుగానే మిగులుతాయి.

పొడవు తంటా ఇంకొకటి. లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌టీ-4 వ్యవస్థలో ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లిష్‌లో 255 అక్షరాలు రాసుకోవచ్చు. తెలుగులో 85 సంకేతాలకే గోడ తగులుతుంది, గుణింతాలు, పొల్లులు విడివిడి సంకేతాలే కాబట్టి అక్షరాల లెక్కన ఇంకా తక్కువ. అసలు పేరు ఎలాగో పట్టినా, తాత్కాలిక పేరుకు ముందొకటి, వెనకొకటి తగిలేసరికి హద్దు దాటుతుంది. ఆర్‌సింక్ అలాంటి చోట పేరును కత్తిరించుకుంటుంది. అంత ముందుచూపు లేని సాఫ్ట్‌వేర్ ‘ఫైలు రాయలేకపోయాను’ అని చేతులెత్తేస్తుంది.

తెలుగు పేర్లకో లాభమూ ఉందని చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లినక్స్‌కు వేరు, విండోస్‌కు ఒకటే. అక్కడ రెండుగా ఉన్న ఫైళ్లు ఇక్కడ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. మన లిపిలో పెద్దా చిన్నా లేవు, ఆ తగువూ లేదు. పేర్లే కాదు, మన గడియారమూ ఒక మేలు చేస్తుంది. పాత పెన్‌డ్రైవ్‌ల ఫ్యాట్ వ్యవస్థ మార్పు వేళను రెండు సెకన్ల అంచెలతో, స్థానిక కాలంలో రాస్తుంది. డల్లాస్‌లో ఉన్నవాళ్లకు ఏటా రెండుసార్లు గడియారం గంట జరిగినప్పుడు ఫైళ్లన్నీ మారాయేమో అన్న భ్రమ కొన్ని సాఫ్ట్‌వేర్లకు పుడుతుంది. జక్రాన్‌పల్లిలో ఆ గంట జరగదు.

ఇంత తిప్పలెందుకు, అంతా ఒకే సర్వర్‌లో పెడితే పోలా అనొచ్చు. 2016 ఏప్రిల్‌లో మొదలైన ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో తొలిరోజుల్లోనే చేరిన నిజామాబాద్ యార్డులో ఇప్పుడు పసుపు ధర పలికేది ఆ దారిలోనే. ఒక్క లెక్క, ఒక్క చోట, అందరూ దాన్నే చూస్తారు. మూడో కాగితం అక్కర్లేదు, ఎందుకంటే రెండో కాగితమే లేదు. అయితే నెట్ ఆగితే పని ఆగుతుంది. సింక్ దారిలో నెట్ లేకపోయినా ఎవరి పని వాళ్లు చేసుకోవచ్చు, తర్వాత కలుపుకోవచ్చు. ఆ స్వేచ్ఛకు కట్టే అద్దె ఈ వర్కింగ్ ఫోల్డరు. ఆ అద్దె కూడా పెరుగుతూ పోతుంది. చెరిగిపోయిన ఫైళ్ల జాబితాను కూడా మోయాలి కదా. సింక్‌థింగ్ 2025లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి ఆ జాబితాను ఎప్పటికీ మోయడం మానేసింది, ఒక గడువు దాటాక మరిచిపోతుంది. కాబట్టి ఏళ్ల తరబడి తెరవని పాత ల్యాప్‌టాప్ మీ గుంపులో ఉంటే, అది ఎప్పుడో చచ్చిన ఫైళ్లను మళ్లీ బతికించి తేవొచ్చు.

ఒకే ఫోల్డరును రెండు సింక్ సాఫ్ట్‌వేర్లకు అప్పగించవద్దు. ఒకదాని వర్కింగ్ ఫోల్డరు ఇంకోదానికి మామూలు సరుకులా కనిపిస్తుంది, దాన్ని అటూ ఇటూ మోస్తూ రెండు కంప్యూటర్ల జ్ఞాపకాలను కలిపేస్తుంది. తప్పదంటే, రెండోదాని ‘వదిలేయాల్సినవి’ జాబితాలో మొదటిదాని ఫోల్డరు పేరు రాయండి.

ఇంతా చదివేలోపే డిలీట్ కొట్టేసి ఉంటే, ముందు రెండు కంప్యూటర్లలోనూ సింక్ ఆపండి. రీసైకిల్ బిన్ చూడండి, ఆ ఫోల్డరు ఇంకా అక్కడే ఉంటే, ఈలోగా సింక్ జరగకపోతే, ఉన్నచోటే తిరిగి పెట్టండి. లేకపోతే రెండు వైపుల ఫోల్డర్లనూ విడివిడిగా వేరే డిస్కులోకి కాపీ చేసి పెట్టుకోండి. ఏ వైపు లెక్కలు తాజాగా ఉన్నాయో తేల్చుకుని, రెండో వైపు అదనంగా ఉన్న కొత్త ఫైళ్లను చేత్తో ఇటు తెచ్చుకోండి. ఆ తర్వాత రెండో వైపు ఫోల్డరును ఖాళీ చేసి, సాఫ్ట్‌వేర్‌లో ఆ జతను తీసేసి కొత్తగా కలపండి. చూసి ఒప్పుకున్నాకే నడిపే ‘ప్రివ్యూ’ ఉంటే అది తెరవండి. జాబితాలో ఫైళ్లన్నీ ఒకే వైపుకు పోతున్నట్టు, తీసేసేవి సున్నా అన్నట్టు కనిపించాలి. తీసేసేవి ఒక్కటి కనిపించినా మీట నొక్కకండి.